బత్తాయి పాదులో రెండు ఫరెవర్‌లు

ఈ రోజు పొద్దంతా తోటలోనే. మేనకోడలు సెలవులకు నల్లగొండ వచ్చింది, మైక్రోబిట్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు వెంట తెచ్చుకుంది. బత్తాయి పాదులో తడి ఎంతుందో దానితో కొలవాలని నిన్నటి నుంచి ఒకటే పట్టు.

రెండు ఇనుప మేకులు పాదులో దిగ్గొట్టి, బోర్డు అంచున ఉండే పిన్నుల్లో ఒకటి పీ0కి, ఇంకోటి పీ1కి క్లిప్పులతో కలిపాం. పీ1 కరెంటు ఇస్తుంది, పీ0 చదువుతుంది. మట్టి తడిగా ఉంటే కరెంటు బాగా పారుతుంది, ఎండితే పారదు. పీ0 దగ్గర చదివే విలువ 0 నుంచి 1023 దాకా ఉంటుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత తడి అన్నమాట.

బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసే మేక్‌కోడ్‌లో అమ్మాయి అంతా ఒకే ఫరెవర్ బ్లాకులో, అంటే ఆగకుండా తిరిగే లూప్‌లో పెట్టింది. తడి చదవడం, నంబరు చూపించడం, అయిదు సెకన్లు ఆగడం, మట్టి ఎండితే ఎక్స్ గుర్తు పెట్టడం, అన్నీ వరసగా. నడిచింది గానీ చెంబెడు నీళ్లు పోశాక, "మామా, ఇంకా పాత నంబరే చూపిస్తుంది" అంది. ఆ 25 లైట్ల మీద మూడంకెల నంబరు పాకుతూ పోవాలి, ఆ తర్వాత పాజ్ (ఆగే సమయం) అయిపోవాలి, అప్పుడు గానీ లూప్ మళ్లీ మొదటికి రాదు. బ్లాకులు సరైనవే, అన్నిటినీ ఒకే లూప్‌కు కట్టేయడమే ఇబ్బంది.

రెండు ఫరెవర్‌లు చేయమన్నాను. ఒకటి కొలిచి 'తడి' అనే వేరియబుల్‌లో (విలువ దాచుకునే చోటు) వేస్తుంది, అంతే. రెండోది ఆ వేరియబుల్ చూసి నంబరో, ఎక్సో చూపిస్తుంది. తెర జోలికి ఒక్క లూపే పోవాలి, లేకుంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

"రెండూ ఒకేసారి ఎట్ల నడుస్తయి?" అని అడిగింది. మంచి ప్రశ్న. బోర్డులో ప్రాసెసర్ ఒక్కటే. మా నాయిన, చిన్నాయన ఒకే బోరు మీద వంతులేసుకుని మడులు పారించేవాళ్లు. ఇదీ అట్లాగే. ఒక లూప్ పాజ్‌లో ఉన్నప్పుడు వంతు ఇంకోదానికి పోతుంది. ఫరెవర్ ఒక చుట్టు తిరిగాక తనంతట తానే 20 మిల్లీసెకన్లు ఆగుతుంది కాబట్టి పక్కదానికి చోటు దొరుకుతుంది. ఆర్డునో ఊనో అనే ఇంకో బోర్డులో ఉండేది ఒక్క లూప్. అందులో డిలే (ఆగమనే ఆదేశం) పెడితే కింది వరస అంతా ఆగిపోతుంది, ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెప్పే మిల్లీస్‌తో టైము మనమే చూసుకోవాలి. మొదలుపెట్టే పిల్లలకు ఫరెవరే హాయి అని నా గట్టి నమ్మకం.

ఇంకో సంగతి చూపించాను. మేకులకు ఎప్పుడూ కరెంటు ఇస్తే తొందరగా తుప్పు తింటాయి. అందుకే కొలిచే ముందు పీ1ను 1 చేసి (కరెంటు ఇచ్చి), పీ0 చదివి, వెంటనే పీ1ను 0 చేసి (ఆపి), అయిదు సెకన్ల పాజ్. ఇదంతా కొలిచే లూప్‌లోనే. తెరకు దీనితో పనే లేదు. అమ్మాయి మళ్లీ నీళ్లు పోసి నిలబడింది. ఈసారి నంబరు పెరగడం చూసి చప్పట్లు కొట్టింది.

నాయిన వంగి చూసి, "వేలు వెట్టి చూసుడు తప్పుతదా?" అన్నాడు. తప్పుతుంది నాయినా, కానీ ముందు నువ్వు వేలు పెట్టి 'ఇప్పుడు పారించాలె' అన్నప్పుడు నంబరు ఎంతుందో రాసుకోవాలి. ఎక్స్ గుర్తు ఎక్కడ పెట్టాలో దాన్నిబట్టే తేలేది.

ఇంట్లో కూర్చుని చూడాలంటే ఇంకో మైక్రోబిట్ తెప్పించాలి. రెండింటికీ ఒకే రేడియో గ్రూప్ నంబరు ఇస్తే చాలు, కబురు అందినప్పుడే నడిచే బ్లాకు వేరే ఉంది, దానికి ఫరెవర్ అక్కర్లేదు. తోట నుంచి ఇంటి దాకా సిగ్నల్ అందుతుందో లేదో మాత్రం నడిచి చూడాల్సిందే.