26 షాట్లలో 4

2023 సెప్టెంబర్ 6. మనీలాలో బాస్కెట్‌బాల్ ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్, జర్మనీకీ లాట్వియాకీ. జర్మనీ కెప్టెన్ డెనిస్ ష్రోడర్ ఆ రోజు 26 షాట్లు వేస్తే పడినవి నాలుగే. మొత్తం 9 పాయింట్లు. జర్మనీలో అప్పటికింకా మధ్యాహ్నం కాలేదు, మేమంతా ఆఫీసులో ఉన్నాం. పని మధ్యలో ఫోన్లు తీసి స్కోరు చూసుకుంటున్నాం. 81-79తో మ్యాచ్ గెలిచాక కూడా మా ఫ్లోర్‌లో అందరి నోటా ఒకటే మాట: 26లో 4.

ఎవరెన్ని షాట్లు వేశారో, ఎన్ని పడ్డాయో చూపించే ఆ మ్యాచ్ గణాంకాల పట్టికను నేను సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ తెరిచి చూశాను. అప్పుడు నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. ఇక్కడ కొత్త ఉద్యోగానికి మామూలుగా మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. ఆ గడువులో కారణం పెద్దగా చెప్పకుండానే రెండు వారాల నోటీసుతో పంపించేయొచ్చు. వీసా ఉద్యోగానికి ముడిపడి ఉన్నవాడికి అదెంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. మా టీమ్‌లో ఎవరెన్ని టికెట్లు, అంటే సిస్టమ్‌లో నమోదైన విడివిడి పనులు, పూర్తి చేశారో చూపించే చార్టు సోమవారం మీటింగులో తెర మీద వేసేవారు. నా పేరు ఎప్పుడూ అడుగునే. పాత సిస్టమ్ నుంచి వచ్చే డేటాను సరిచేసి కొత్తదాంట్లోకి ఎక్కించడం నా పని. అది జరిగితేనే మిగతావాళ్ల టికెట్లు కదిలేవి. ఆ చార్టులో దానికి గడి లేదు.

పక్క టీమ్‌లో ఒక జర్మన్ పెద్దాయన ఉన్నాడు. శనివారాలు తమ క్లబ్ మ్యాచ్‌లకు స్టాటిస్టిక్స్ ఎక్కిస్తాడు. నాకు ఆ పట్టికల మీద ఉన్న ధ్యాస చూసి, ఓసారి వచ్చి పక్కన కూర్చోమన్నాడు. అలా అలవాటైంది.

ఆ బల్ల దగ్గర ఇద్దరుండాలి. ఒకరు కోర్టు మీంచి చూపు తిప్పకుండా చెబుతూ పోతారు, రెండోవారు ల్యాప్‌టాప్‌లో కొడుతూ పోతారు. "ఏడో నంబర్, ఎడమ మూల నుంచి త్రీ, తప్పింది. పన్నెండు, డిఫెన్సివ్ రీబౌండ్." త్రీ అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్, డిఫెన్సివ్ రీబౌండ్ అంటే తప్పిన షాట్ బంతిని అడ్డుకునే జట్టువాడు అందుకోవడం. తెర మీద కోర్టు బొమ్మ ఉంటుంది. షాట్ ఎక్కడి నుంచి వేశారో అక్కడ నొక్కాలి. వేసిందెవరు, పడిందా, పడితే అసిస్ట్, అంటే స్కోరుకు దారితీసిన పాస్, ఎవరిది, పడకపోతే రీబౌండ్ ఎవరిది? ఇవన్నీ ఎక్కించేలోపు బంతి అవతలి బుట్ట దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది. నా జర్మన్ అంతంతమాత్రంగా ఉన్న రోజులవి. ఆఫీసు మీటింగుల్లో నోరు మెదపని నేను ఆ బల్ల దగ్గర మాత్రం గట్టిగా అరిచి చెప్పేవాణ్ణి, ఎందుకంటే అక్కడ ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

అసిస్ట్ విషయంలోనే వాదనలన్నీ. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా లెక్క ప్రకారం, బుట్ట ముందు గీసిన పెయింట్ అనే గడి లోపల ఉన్నవాడికి పాస్ అందించి అతను స్కోర్ చేస్తే అది అసిస్టే. బయట ఉన్నవాడు బంతి అందుకుని, డ్రిబుల్ చేస్తూ ఎదుటివాణ్ణి తన సొంత బలంతో దాటుకుని స్కోర్ చేస్తే పాస్ ఇచ్చినవాడికి ఏమీ రాదు. పాస్ వల్ల ఫౌల్ దొరికి, దానికి బదులుగా ఇచ్చే అడ్డులేని షాట్లలో, అంటే ఫ్రీ త్రోలలో, ఒక్కటైనా పడితే మళ్లీ అసిస్టే. నాకు బాగా నచ్చింది టీమ్ రీబౌండ్. తప్పిన షాట్ ఎవరి చేతికీ చిక్కకుండా లైను దాటిపోతే, బంతి ఏ జట్టుకు దక్కిందో ఆ జట్టు ఖాతాలో రాస్తారు. ఎవరి పేరూ లేని పనికి కూడా ఒక గడి కేటాయించి పెట్టారు!

ఆ పెద్దాయనతో కలిసి లాట్వియా మ్యాచ్ పట్టిక మళ్లీ చదివాను. ఎఫిషియెన్సీ అనే లెక్కలో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్ (ఎదుటివాళ్ల నుంచి లాక్కున్న బంతులు), బ్లాకులు (అడ్డుకున్న షాట్లు) కూడి, తప్పిన షాట్లు, తప్పిన ఫ్రీ త్రోలు, టర్నోవర్లు (షాట్ వేయకుండానే పోగొట్టుకున్న బంతులు) తీసేస్తారు. ష్రోడర్‌కు పాయింట్లు 9, తప్పిన షాట్లు 22. ఆ రెండింటితోనే పదమూడు లోటు. "సరే, ఇప్పుడు పై నుంచి కింద దాకా చదువు" అన్నాడాయన. చీలమండ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైన ఫ్రాంజ్ వాగ్నర్ ఆ రోజే తిరిగొచ్చి 16 పాయింట్లు చేశాడు. షాట్లు తప్పుతున్నా కెప్టెన్ చేతికి బంతి ఇస్తూనే ఉన్నారని ఆ 26 అంకె చెబుతోంది. తేడా రెండే పాయింట్లు, గెలిచింది వాళ్లే.

రెండు రోజుల తర్వాత సెమీఫైనల్లో అమెరికా మీద 113-111. ఆండ్రియాస్ ఓబ్స్ట్ 24, వాగ్నర్ 22, డానియెల్ థైస్ 21. ష్రోడర్ 17 పాయింట్లు, 9 అసిస్టులు. హాఫ్ టైమ్‌కు ఒక పాయింటు వెనకబడి ఉన్న జట్టు మూడో క్వార్టర్‌ను 35-24తో గెలుచుకుంది. ఆదివారం ఫైనల్లో సెర్బియా మీద 83-77. ష్రోడర్ 28 పాయింట్లు కొట్టి టోర్నీ మొత్తానికి ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. అంతకు నాలుగు రోజుల ముందే ఈయన్ని పక్కన పెట్టాలని మా ఫ్లోర్‌లో తీర్పులిచ్చేశారు. జర్మనీకి అదే మొదటి ప్రపంచ కప్పు, ఎనిమిదికి ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచి తెచ్చుకుంది.

సోమవారం క్యాంటీన్‌లో నాతో కూర్చునే సెర్బియా మిత్రుడు ఫైనల్ పట్టిక తెరిచి మూడో క్వార్టర్ మీద వేలు పెట్టాడు. హాఫ్ టైమ్‌కు 47-47, ఆ క్వార్టర్ జర్మనీకి 22-10. "ఇక్కడే పోయింది" అన్నాడు. సెర్బియా స్టార్ నికోలా యోకిచ్ ఆ టోర్నీకి రాలేదు కదా అని నేనన్నాను. "యోకిచ్ సంగతి సరే, బోరిషా సిమానిచ్‌ను ఎక్కడ రాస్తారు?" అన్నాడు. దక్షిణ సూడాన్‌తో మ్యాచ్‌లో మోచేతి దెబ్బ తగిలి సిమానిచ్‌కు ఒక కిడ్నీ తీసేయాల్సి వచ్చింది. మిగతా జట్టు ఆ తర్వాత ఫైనల్ దాకా వెళ్లింది. ఫైనల్ పట్టికలో అతని పేరు పక్కన ఒక్క అంకె కూడా లేదు. ఆ మిత్రుడు భోజనం పక్కన పెట్టి అతని గురించే చాలాసేపు మాట్లాడాడు, నేను వింటూ కూర్చున్నాను.

ప్రొబేషన్ చివర్లో నా రివ్యూ జరిగింది. వాళ్ల చార్టుతో పాటు నేను కూడా ఒక పేజీ తీసుకెళ్లాను. నేను డేటా సరిచేశాక పూర్తయిన ఇతరుల టికెట్లు, తేదీలతో సహా. మేనేజర్ దాన్ని తీరిగ్గా చదివి, ఏ లెక్కన రాశావని అడిగారు. నేను సరిచేయకపోతే అసలు ముందుకు కదలనివి మాత్రమే పెట్టాను, తమంతట తాము వేరే దారి వెతుక్కుని పూర్తి చేసిన వాళ్ల టికెట్లు వదిలేశాను అని చెప్పాను. ఆమె వాటిలో రెండు తెరిచి సరిచూసుకుని, ఆ పేజీని ఫైల్లో పెట్టుకున్నారు. ఉద్యోగం నిలిచింది. సోమవారాలు తెర మీద వేసే చార్టు మాత్రం ఇప్పటికీ అదే. దాన్ని మార్చాలని ప్రతి రివ్యూలోనూ అడుగుతున్నాను.