ఈసీజీ నార్మల్ వచ్చింది, మరి ఈ దడ ఏంటి?

రాత్రి పదకొండింటికి, టీవీ కట్టేసి పడుకోబోతుండగా గుండె దడదడలాడటం మొదలవుతుంది. చెమటలు, ఊపిరి అందకపోవడం, చేతుల్లో తిమ్మిర్లు, "అయిపోయింది, పోతున్నా" అనే భయం. ఇంట్లోవాళ్ళు ఆటో ఎక్కించి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడికి చేరేసరికే సగం తగ్గిపోయి ఉంటుంది. ఈసీజీ తీస్తారు, నార్మల్. ఒక సెలైన్, ఒక గ్యాస్ ఇంజెక్షన్. "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేస్తారు. మర్నాడు టూడీ ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష). అవీ నార్మలే. వారం తిరక్కుండా మళ్ళీ అదే దడ, అదే ఆటో.

నాకు పేచీ ఆ "ఏమీ లేదు" అనే మాటతోనే. గుండెలో ఏమీ లేదు, నిజమే. కానీ వచ్చినదానికి పేరుంది: ప్యానిక్ అటాక్. దాని పేరు, తీరు చెప్పకుండా ఇంటికి పంపితే, డాక్టర్లకే అంతుపట్టని జబ్బేదో ఉందని మనిషి అనుకుంటాడు. ఆ అనుమానమే రెండో అటాక్‌కి విత్తనం. ఈ అయోమయం కొత్తదేం కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు ఇలాంటి దడ, ఆయాసం వస్తుంటే, జాకబ్ డా కోస్టా అనే వైద్యుడు 1871లో దాన్ని గుండె జబ్బుగానే రాశాడు. అమెరికా సైకియాట్రీ వర్గీకరణలో 'ప్యానిక్ డిజార్డర్' అని విడిగా పేరు చేరింది 1980లో.

ముందు ఒక జాగ్రత్త. మొదటిసారి ఇలా వస్తే ఇంట్లో కూర్చుని "ఇది ప్యానిక్కేలే" అని తేల్చుకోకండి. వెళ్ళి ఈసీజీ తీయించుకోండి. మెట్లెక్కినప్పుడు, నడిచినప్పుడు వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, నిజంగా స్పృహ తప్పడం, నలభై దాటి షుగర్, బీపీ, సిగరెట్ ఉండటం: వీటిలో ఏదున్నా 108కి ఫోన్ చేయాల్సిందే. షుగర్ ఉన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు గుండెపోటు పెద్ద నొప్పి లేకుండా ఆయాసంగానో వికారంగానో కూడా రావచ్చు, కాబట్టి "గ్యాస్ తన్నింది" అని మజ్జిగ తాగి పడుకోవద్దు. తీరిక మీద చేయించాల్సినవి థైరాయిడ్ పరీక్ష, హిమోగ్లోబిన్. ఆస్తమా ఇన్‌హేలరు, కొన్ని జలుబు బిళ్ళలు, రోజుకి అయిదారు టీలు కూడా దడ తెప్పిస్తాయి. దడ స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ ఆపినట్టు ఆగిపోతుంటే, నాడి 150 దాటుతుంటే, గుండె లయ తప్పుతోందేమో చూడటానికి 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ యంత్రం) పెట్టమని అడగండి.

ఇవన్నీ ఒకసారి, శ్రద్ధగా చేయించాలి. ఒక్కసారే. నెలకో ఈసీజీ మాత్రం వద్దు. ఎందుకో కింద చెబుతాను.

ఇప్పుడు ఒంట్లో జరిగేది. శరీరానికి ప్రమాద ఘంట ఒకటుంది. పాము కనబడితే అదే మోగుతుంది. అడ్రినలిన్ అనే హార్మోన్ వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం తోడుకుంటుంది. ప్యానిక్‌లో ఆ ఘంట పాము లేకుండానే మోగింది, అంతే. భయంతో ఊపిరి వేగంగా, పైపైన తీస్తాం. గాలి అందడం లేదనిపిస్తుంది గానీ అసలు జరిగేది తిరకాసు: అవసరానికి మించి పీలుస్తున్నాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దానివల్ల మెదడు రక్తనాళాలు కాస్త ముడుచుకుని తల తేలిపోతుంది. రక్తంలో కాల్షియం తీరు మారి మూతి చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిర్లు మొదలవుతాయి. గట్టిగా వస్తే అయిదు వేళ్ళూ కొంగ ముక్కులా దగ్గరికి బిగుసుకుపోతాయి. అది చూసి ఇంట్లోవాళ్ళు పక్షవాతం అనుకుని హడలిపోతారు. అదే సమయంలో వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూస్తే 98, 99 ఉంటుంది. మెడ, పక్కటెముకల మధ్య కండరాలతో ఊపిరి లాగీ లాగీ ఛాతీ నొప్పి పుడుతుంది. వేలుతో నొక్కితే ఎక్కువయ్యే ఆ నొప్పి చాలావరకు కండరాలదే.

పడిపోతానేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. స్పృహ తప్పాలంటే బీపీ బాగా పడిపోవాలి. ప్యానిక్‌లో బీపీ పెరుగుతుంది. రక్తం, సూది చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళ సంగతి వేరు, అది మరో రకం భయం. నిద్రలోంచి దడతో లేచి కూర్చున్నా పీడకల వచ్చిందనుకోనక్కర్లేదు. నిద్రపట్టిన మొదటి రెండు మూడు గంటల్లో, కలలు లేని దశలోనే ప్యానిక్ రాగలదు. ఏదైనా సరే నిమిషాల్లో శిఖరానికి చేరుతుంది, సాధారణంగా పది నిమిషాల్లోపే. ఆ తర్వాత దిగడం మొదలై అరగంటలో చాలావరకు సర్దుకుంటుంది. అడ్రినలిన్ ఆ జోరు మీద ఎక్కువసేపు నిలవలేదు. ఆసుపత్రి గుమ్మంలోనే తగ్గిందంటే అది సెలైన్ మహిమ కాదు, ఆటో ప్రయాణం పది నిమిషాలు పట్టింది.

ఆ పది నిమిషాల్లో ఏం చేయాలి? పక్కవాళ్ళు "గట్టిగా ఊపిరి పీల్చు" అంటారు. అది తప్పు సలహా, పైన చెప్పిన తిరకాసు ఇంకా పెరుగుతుంది. నోరు మూసి, ముక్కుతో, పొట్ట కదిలేలా నాలుగు లెక్కపెట్టేదాకా మామూలుగా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. పీల్చడం కన్నా వదలడం మీదే పట్టు. కాగితం సంచిలో ఊపిరి తీయడం పాత చిట్కా, మానేయండి: వచ్చింది నిజంగా ఆస్తమానో గుండెపోటో అయితే ప్రమాదం. భస్త్రిక లాంటి వేగపు ప్రాణాయామం కూడా ఆ సమయానికి కాదు, అది చేసేదే ఎక్కువ పీల్చడం. గడియారం చూసి టైము రాసుకోండి. చేస్తున్న పని, అన్నం కలుపుతున్నా, మెయిల్ రాస్తున్నా, నెమ్మదిగా కొనసాగించండి. తరిమేయాలని కాదు. అది ఎక్కి దిగేదాకా అక్కడే ఉండటం, అంతే.

ఇంతవరకూ చాలామంది చెబుతారు. అసలు చిక్కు అటాక్ మధ్య కాదు, అటాక్‌కీ అటాక్‌కీ మధ్య రోజుల్లో ఉంది. మళ్ళీ వస్తుందేమోనని మనిషి ఊతకర్రలు పోగుచేసుకుంటాడు. చేతిలో నీళ్ళ బాటిల్, పర్సులో బిళ్ళల పట్టీ, సినిమా హాల్లో గుమ్మం పక్క సీటు, ఎక్కడికెళ్ళినా తోడు ఒకరు. స్మార్ట్‌వాచ్‌లో గంటకి ఇరవైసార్లు పల్స్. దారిలో ఆసుపత్రులు ఎక్కడెక్కడున్నాయో మనసులోనే ఒక మ్యాపు. బిరియానీ మానేస్తారు, మెట్లు మానేస్తారు. నెలకో ఈసీజీ కూడా ఈ జాబితాలోదే: రిపోర్ట్ నార్మల్ అని చూసిన ఊరట నాలుగు రోజులుంటుంది, అయిదో రోజు "అప్పటికి బాగుంది, ఇప్పుడో?" అని మొదలవుతుంది. ప్రతి ఊతకర్రా లోపల ఒక పాఠం నేర్పుతుంది: బాటిల్ ఉంది కాబట్టి బతికా. లేకపోయినా బతికేవాణ్ణే అన్న సంగతి తెలుసుకునే అవకాశం ఎప్పటికీ రాదు. ఒంట్లో మామూలు మార్పుని ప్రాణాపాయంగా చదువుకోవడమే ఈ చక్రానికి ఇరుసు అని 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ వివరించాడు. ఇవాళ ఇచ్చే చికిత్సలో చాలాభాగం ఆ చదువుని సరిదిద్దడమే.

దిద్దడం మాటలతో అయ్యే పని కాదు. ఆ లక్షణాలనే కావాలని తెప్పించుకుని చూడాలి. వినడానికి మొండిగా ఉంటుంది గానీ ప్యానిక్‌కి ఇంతకంటే సూటి సాధన లేదు. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా చేయొద్దు. మిగతావాళ్ళు కూడా వీలైతే మొదటిసారి సైకాలజిస్ట్ దగ్గర చేస్తే మేలు.

జ్యూస్ ప్యాకెట్‌కి అంటించి ఇచ్చే సన్న స్ట్రా ఒకటి తీసుకోండి. కొబ్బరిబోండాం స్ట్రా పనికిరాదు, లావు, గాలి ధారాళంగా వస్తుంది. ముక్కు మూసుకుని, నోట్లో స్ట్రాతో మాత్రమే రెండు నిమిషాలు ఊపిరి తీయండి. నలభై సెకన్లకే గాలి చాలడం లేదనిపిస్తుంది, స్ట్రా లాగి పారేయాలనిపిస్తుంది. లాగొద్దు. ఊపిరాడని భయం ఉన్నవాళ్ళకు ఇది. దడంటే భయమైతే ఉన్నచోటే నిమిషంపాటు మోకాళ్ళెత్తి పరుగు. కళ్ళు తిరగడం భయమైతే తిరిగే కుర్చీలో నిమిషం గిరగిరా. తిమ్మిర్లు, తల తేలిపోవడం భయమైతే కూర్చుని నిమిషంపాటు వేగంగా, లోతుగా ఊపిరి.

చేసేముందు నోటుబుక్కులో ఒక వాక్యం: ఏం జరుగుతుందని నా భయం? "స్పృహ తప్పుతాను" అని రాస్తే అలాగే రాయండి. చేశాక: ఏం జరిగింది? పక్కన రెండు అంకెలు, పదికి. ఒకటి లక్షణం ఎంత, రెండోది భయం ఎంత. ఈ రెంటినీ కలిపేయడం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. దడ 8 దగ్గరే ఉండవచ్చు, అది తగ్గక్కర్లేదు. భయం 7 నుంచి 2కో 3కో దిగాలి. ఒక నిమిషం ఆగి మళ్ళీ, అలా పూటకి నాలుగైదుసార్లు, వారంలో కనీసం అయిదు రోజులు. పని చేయలేదని చెప్పేవాళ్ళని అడిగితే బయటపడేవి కొన్నే: లక్షణం మొదలవగానే ఆపేశారు, లేదా భార్యని పక్కన కూర్చోబెట్టుకుని చేశారు, లేదా అయిన వెంటనే గ్లాసుడు నీళ్ళు తాగి పడుకున్నారు. అంటే ఊతకర్ర పట్టుకునే నడిచారు.

రెండు వారాలకు ఇల్లు దాటాలి. హైదరాబాద్‌లో మెట్రో ఎక్కలేకపోతున్నారనుకుందాం. మొదట మధ్యాహ్నం ఖాళీ వేళ తోడుతో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట, ఒక్క స్టేషనే. తర్వాత అదే ఒంటరిగా. తర్వాత పొద్దున తొమ్మిదింటి రద్దీలో, తలుపు దగ్గర కాకుండా పెట్టె మధ్యలో నిలబడి. తర్వాత ఖైరతాబాద్ దాకా, ఆపైన ఎల్బీ నగర్. ప్రతి మెట్టూ మూడు నాలుగుసార్లు. దడ ఎక్కుతున్నప్పుడు దిగిపోవద్దు. దిగిపోయారా, ఆ రోజే తర్వాతి రైలెక్కండి. మర్నాటికి వాయిదా వేస్తే భయం ఒక మెట్టు పైకెక్కి కూర్చుంటుంది.

మందుల గురించి క్లుప్తంగా. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి తక్కువ డోసుతో మొదలుపెడతారు. మొదటి వారం పది రోజులు కంగారు కాస్త పెరగొచ్చు. అది చూసి మానేసేవాళ్ళూ ఉన్నారు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, తగ్గాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది వాడాలి, ఆపేది డాక్టర్ చెప్పినట్టు మెల్లగా. అల్ప్రజోలామ్ అనే మత్తు రకం బిళ్ళ సంగతి వేరు. అరగంట, గంటలో హాయిగా ఉంటుంది, అందుకే అలవాటవుతుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడేవాటిలో ఈ మందు ఒకటి. ఆ కల్లు హఠాత్తుగా ఆగిపోయినప్పుడు జనం వణుకుతో, మూర్ఛలతో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి చేరిన వార్తలు మీరూ చదివే ఉంటారు. రోజూ వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా మానొద్దు, డాక్టర్ చెప్పిన లెక్కలో తగ్గించుకోవాలి. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి తెచ్చుకోవద్దు.

ఇంట్లోవాళ్ళకు: అమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, గొడవెందుకు. కానీ ప్రతిసారీ "ఆసుపత్రికి వెళ్దామా?" అని అడగడం ఆపాలి. ప్రశాంతంగా ఉన్న రోజునే ఒక మాట అనుకోండి: పరీక్షలన్నీ అయ్యాయి కాబట్టి, ఎప్పటిలాంటి దడే వస్తే పక్కవాళ్ళు అనేది ఒకటే, "వచ్చిందిగా, పదకొండూ పది అయింది, పదకొండున్నర దాకా చూద్దాం." కొత్త రకం నొప్పి వస్తే ఈ ఒప్పందం చెల్లదు.

దీనికి చూసేది సైకియాట్రిస్ట్. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఆ విభాగం ఉంటుంది. వెళ్ళడానికి మొహమాటమైతే టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే పైన చెప్పిన సాధనలన్నీ పక్కన పెట్టి ముందు ఆ నంబరుకే చేయండి, లేదా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

నెలల తరబడి బాగుండి, పరీక్షలప్పుడో పెళ్ళి పనుల్లోనో మళ్ళీ ఒక అటాక్ రావచ్చు. మొదటికొచ్చిందని కుంగిపోకుండా మర్నాడు స్ట్రా తీయండి. అన్ని ఊతకర్రలూ పోయాక కూడా చాలామంది పర్సులో ఒకటి మిగులుతుంది: మింగని బిళ్ళ, రెండేళ్ళ కిందటిది, రేకులోనే పొడైపోయింది, డేటు ఎప్పుడో దాటింది. ఒక ఆదివారం దాన్ని బీరువాలో పెట్టి, కూరగాయల మార్కెట్ దాకా వెళ్ళి రండి.