శుక్రవారం మూసేస్తారని తెలీక మొదలైన మా మూడు రోజుల హైదరాబాద్

మా పిన్ని కూతురు నిజాంపేటలో ఫ్లాట్ కొనుక్కుని గురువారం గృహప్రవేశం పెట్టుకుంది, దానికోసం అమ్మా పెద్దమ్మా ఊర్నుంచి వచ్చారు. ఎలాగూ వచ్చారు కదా, ఆదివారం రాత్రికి రిటర్న్ టికెట్ తీసి మధ్యలో మూడు రోజులూ ఊరు చూపిస్తానని ముందే చెప్పేశా. నాన్న మాత్రం రాలేదు, మాసూళ్ళ టైము, ధాన్యం కళ్ళంలో ఉంటే ఆయన ఎక్కడికీ కదలరు. నేను ఎనిమిదేళ్ళ నుంచి ఇక్కడే ఉద్యోగం చేస్తున్నా గానీ పాతబస్తీ వైపు వెళ్ళింది రెండు మూడు సార్లే, అదీ ఫ్రెండ్స్‌తో రాత్రిపూట. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని తిరగడం ఇదే మొదలు. అమ్మకి 63, పెద్దమ్మకి 70, పెద్దమ్మకి రెండు మోకాళ్ళూ నొప్పే. ఇలాగే అమ్మానాన్నల్ని తీసుకొచ్చి చూపిద్దాం అనుకునేవాళ్ళకి పనికొస్తుందేమో అని మేం ఎలా తిరిగామో రాస్తున్నా.

ముందు రైలు సంగతి. ఇప్పుడు ఆంధ్రాలో మనవైపు నుంచి వచ్చే రైళ్ళు కొన్ని సికింద్రాబాద్ రాకుండా చర్లపల్లిలోనే ఆగిపోతున్నాయి, 2025 జనవరిలో అక్కడ కొత్త టెర్మినల్ మొదలైంది కదా. స్టేషన్ బాగుంది గానీ ఊరికి ఆ చివర, మేముండేది మియాపూర్, అంటే ఈ చివర. తెల్లారగట్ల దిగితే ఆటో అతను అడిగిన రేటుకి పెద్దమ్మ "ఆ డబ్బుతో మళ్ళీ మనూరెళ్ళి రావచ్చు" అంది. చివరికి ఆర్టీసీ బస్సులో సికింద్రాబాద్ వచ్చి, మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి ఇంటికి చేరాం. టికెట్ బుక్ చేసేటప్పుడే రైలు ఏ స్టేషన్ దాకా వస్తుందో ఒకసారి చూసుకోండి, పెద్దవాళ్ళు సామాన్లతో వస్తుంటే ఇది చాలా ముఖ్యం. మెట్రోలో పెద్దమ్మకి ఎస్కలేటర్ అంటే భయం వేసింది, కాలు పెట్టబోయి వెనక్కి తీసేసుకుంది, నేనూ బలవంతపెట్టలేదు. స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి, ఆ మూడు రోజులూ వెతుక్కుని మరీ వాటిలోనే వెళ్ళాం.

ఇక శుక్రవారం. నా ప్లాన్‌లో మొదటిది సాలార్‌జంగ్ మ్యూజియం. ఎందుకంటే నాన్న 1983లో ఏదో ఉద్యోగం పరీక్ష రాయడానికి హైదరాబాద్ వచ్చి ఆ మ్యూజియంలో గడియారం చూశారట, గంట కొట్టే టైముకి గడ్డం ఉన్న చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని బయటికొస్తాడని, కొట్టేసి మళ్ళీ లోపలికి పోతాడని, నలభై ఏళ్ళ నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తూనే ఉంటారు. అమ్మకి చార్మినార్ చూడకపోయినా పర్లేదు, ఆ గడియారం చూడాలి. మియాపూర్లో రెడ్ లైన్ ఎక్కితే మారే పనిలేకుండా ఎంజీబీఎస్ దాకా ఒకటే మెట్రో, అక్కడ దిగి మూసీ దాటితే మ్యూజియం. హాయిగా వెళ్ళాం, తీరా గేటు దగ్గరికి వెళ్తే తాళం! శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కి కూడా శుక్రవారమే సెలవు. పైగా జుమ్మా, మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజుకి వచ్చే జనంతో చార్మినార్ చుట్టుపక్కలంతా నిండిపోతుంది, ఆ రద్దీలో పెద్దమ్మని నడిపించడం నావల్ల కాదు. అమ్మ ఏమీ అనలేదు, గేటు కటకటాల్లోంచి లోపలికి ఒకసారి చూసి "రేపు వద్దాంలే" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్లో ఒక్క నిమిషం చూసుంటే తెలిసే విషయం.

అక్కడే నిలబడి ప్లాన్ మొత్తం మార్చేశా. గోల్కొండకి శుక్రవారం సెలవు లేదు. అఫ్జల్‌గంజ్లో మెహదీపట్నం బస్సు ఎక్కాం. ఇక్కడ ఇంకో సంగతి, తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అని అందరికీ తెలుసు గానీ అది తెలంగాణ అడ్రస్ ఉన్నవాళ్ళకే. కండక్టర్ మా అమ్మ ఆధార్ చూసి "ఇది ఆంధ్రా అడ్రస్ అమ్మా, టికెట్ తీస్కోవాలె" అంది. నాకు జీరో టికెట్, వాళ్ళిద్దరికీ డబ్బులు. "మా ఊళ్ళో మాకూ ఫ్రీయే" అని పెద్దమ్మ కండక్టరమ్మతో ఎంచక్కా కబుర్లు మొదలెట్టింది, వాళ్ళిద్దరూ మెహదీపట్నం వచ్చేదాకా మోకాళ్ళ నొప్పులకి ఏం రాసుకోవాలో మాట్లాడుకుంటూనే ఉన్నారు. మెహదీపట్నంలో ఇంకో బస్సు మారితే లంగర్‌హౌజ్ మీదుగా కోట.

గోల్కొండలో పైదాకా ఎక్కాలంటే దాదాపు 360 మెట్లు. పెద్దమ్మ కింద నుంచి కొండని ఎగాదిగా చూసి "నేనిక్కడే కూర్చుంటానమ్మా, మీరెళ్ళి రండి" అనేసింది. ఒక్కదాన్నే వదలడం నాకు ఇష్టంలేదు గానీ లోపలికెళ్ళగానే ఉండే గోపురం దగ్గర సెక్యూరిటీ అతను ఉన్నాడు, కూర్చోడానికి అరుగు ఉంది, నీడ ఉంది. చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిసార్ దాకా, అంటే ఇంచుమించు కిలోమీటరు దూరం, వినపడుతుందని చెప్పేది ఆ గోపురం కిందే. శత్రువులొస్తే పైకి కబురు తెలియడానికి అలా కట్టారట. అప్పుడు మేం ఒక ఒప్పందం చేసుకున్నాం. అక్కడ ప్రతివాళ్ళూ చప్పట్లు కొడతారు కాబట్టి పెద్దమ్మవి తెలియాలంటే, మేం పైకి చేరి ఫోన్ చేయగానే ముందు మూడు, ఆగి రెండు కొట్టాలి.

అమ్మా నేనూ ఆగి ఆగి ఎక్కాం, ముప్పావు గంట పట్టింది. దారిలో రామదాసు బందిఖానా దగ్గర మాత్రం అమ్మ చాలాసేపు ఉండిపోయింది. పై కంతలోంచి కొంచెం వెలుతురు పడుతుంది, గోడ మీద రాముడూ లక్ష్మణుడూ సీతమ్మా ఉన్నారు, కంచర్ల గోపన్న ఖైదులో ఉన్నప్పుడు ఆయనే చెక్కుకున్నాడని చెప్తారు. భద్రాచలం గుడికోసం సర్కారు సొమ్ము ఖర్చుపెట్టినందుకు తానీషా పన్నెండేళ్ళు ఖైదు చేయించాడన్న కథ మనందరికీ తెలిసిందే, కానీ ఆ గోడ ముందు నిలబడితే వేరేలా ఉంటుంది. అమ్మ చెప్పులు బయట విప్పేసి, చెయ్యి గోడకి తాకించకుండా బొమ్మకి దగ్గరగా పెట్టి, గొంతులోనే ఒక కీర్తన పాడుకుంది. వెనక కాలేజీ పిల్లలు సెల్ఫీలకని వచ్చి, అమ్మని చూసి అయ్యేదాకా ఆగారు. వాళ్ళు అలా ఆగడం నాకు ఎంత నచ్చిందో!

పైకి చేరాక ఫోన్ చేశా. కింద నుంచి ఎవరెవరివో చప్పట్లు వస్తూనే ఉన్నాయి, గాలి హోరు ఒకటి. అమ్మ కొంగు చెవికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది. టప్, టప్, టప్. కొంచెం ఆగి, టప్, టప్. "అక్కే! అక్కే అది!" అని అమ్మ చిన్నపిల్లలా గెంతినంత పని చేసింది. ఇద్దరం గట్టిగా చప్పట్లు కొట్టాం, అవి కిందికి వినపడ్డాయో లేదో గానీ పెద్దమ్మ మాత్రం విన్నాననే అంది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడి చేస్తే గానీ పడని కోట, అలాంటి చోట మా పెద్దమ్మ చప్పట్లు విన్నాం.

ఆ రోజు ఇంకేమీ పెట్టుకోలేదు. కుతుబ్‌షాహీ సమాధులు దగ్గర్లోనే ఉన్నా వదిలేసి ఇంటికొచ్చేశాం. అప్పటికే నాకు అర్థమైంది, నేను రోజుకి నాలుగైదు చోట్లు రాసుకున్న లిస్టు నా వయసుకి రాసుకున్నది, వీళ్ళకి కాదు. రోజుకి ఒకటే దిక్కు, అందులో ఒకటి రెండే చోట్లు, మిగతా టైమంతా కూర్చోడానికే అని ఆ రాత్రి మళ్ళీ రాసుకున్నా.

శనివారం పదింటికి, తలుపులు తీసే టైముకే సాలార్‌జంగ్‌లో ఉన్నాం. లోపల దాదాపు నలభై గ్యాలరీలు, అన్నీ చూడాలని అస్సలు అనుకోకండి, కాళ్ళు పోతాయి తప్ప ఏదీ గుర్తుండదు. మేం నాలుగు చూశాం. ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర పెద్దమ్మ నమ్మలేదు, అది బట్ట కాదు, పాలరాయే అంటే. 1876లో బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడట, మేలిముసుగు వెనక మొహం కనపడుతూ ఉంటుంది, రాయిలోంచి! "తడి బట్ట ఆరేసినట్టుందే" అని చుట్టూ తిరిగి తిరిగి చూసింది. చెక్కతో చేసిన జంట బొమ్మ కూడా తప్పకుండా చూడండి, ముందు నుంచి మగాడు, వెనక అద్దంలో తలొంచుకున్న ఆడమనిషి, రెండూ ఒకే దుంగలో.

పదకొండున్నరకే గడియారం ముందు కుర్చీల్లో కూర్చున్నాం, పన్నెండుకి జనం బాగా ఉంటారు, ఆలస్యమైతే వెనక నిలబడాలి. పన్నెండు గంటలే ఎందుకంటే కొట్టేవి పన్నెండు కాబట్టి. కల్‌కత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. పక్కన ఇంకో బొమ్మ కమ్మరివాడిలా సుత్తితో సెకను సెకనుకీ కొడుతూనే ఉంటాడు, అమ్మ ముందు వాడినే చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలుందనగా నాన్నకి ఫోన్ చేశా. కళ్ళంలో ఉన్నారు, వెనక మిషన్ సౌండ్. "నాన్నా, మిషన్ ఆపమనండి ఒక్క ఐదు నిమిషాలు" అంటే ఎందుకని కూడా అడగలేదు, ఆపించారు. పన్నెండుకి మూడు నిమిషాలుండగా ఆ చిన్న తలుపు తెరుచుకుని గడ్డపాయన బయటికొచ్చాడు, హాల్లో పిల్లలంతా ఓ అన్నారు, తర్వాత చప్పుడు లేదు. నేను ఫోన్ చెయ్యెత్తి పట్టుకున్నా. టైమవగానే ఒకటీ, రెండూ అని గంట మోగుతుంటే ఫోన్లోంచి నాన్న సన్నగా లెక్కపెట్టడం నాకు వినపడుతోంది. పన్నెండూ అయ్యాక "వాడు లోపలికెళ్ళిపోయాడా?" అని అడిగారు. అమ్మ ఫోన్ లాక్కుని "వెళ్ళిపోయాడండీ, తలుపు కూడా వేసేసుకున్నాడు, మీరు చెప్పినట్టే" అంది. అప్పటిదాకా నలభై ఏళ్ళుగా చెప్పింది ఆయన, విన్నది ఈవిడ.

బయటికొచ్చి చెట్టు కింద ఇంట్లో కట్టుకొచ్చిన పులిహోర తిన్నాం (శనివారం అమ్మావాళ్ళు నీచు ముట్టరు, అందుకే బిర్యానీ ఆదివారానికి పెట్టుకున్నా). మదీనా సెంటర్ దగ్గర్నుంచి పత్తర్‌గట్టి మీదుగా నడిస్తే ఆర్చీలు, ముత్యాల కొట్లు, గుల్జార్ హౌజ్, దాని చుట్టూ నాలుగు కమాన్లు, ఎదురుగా 1591లో కట్టిన చార్మినార్. పైకి 149 మెట్లు, ఇరుకు, ఒక్కో మెట్టూ ఎత్తు, ఎక్కలేదు. చుట్టూ బండ్లు రానివ్వని చోట కూర్చుని చూసినా కడుపు నిండిపోతుంది.

లాడ్ బజార్లో మాత్రం రెండు గంటలు. ఒక కొట్టు వెనక గదిలో లక్క గాజులు చేస్తుంటే అడిగి లోపలికెళ్ళాం. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దని మెత్తబెట్టి, చెక్కతో సన్నగా తాడులా సాగదీసి, గుండ్రంగా తిప్పి అతికించేస్తున్నారు, తర్వాత ఆ వేడి మీదే ఒకావిడ ఒక్కో రాయీ తీసి గుచ్చుతోంది. వేళ్ళ కొసలు నల్లబడి గట్టిపడిపోయి ఉన్నాయి. పెద్దమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని "కాలదా తల్లీ" అంది. ఆవిడకి తెలుగు అంతగా రాదు, నవ్వి "ఆదత్ అమ్మా" అంది, అలవాటైపోయిందని. ఆ తర్వాత పెద్దమ్మ బేరం ఆడలేదు, కొట్టువాడు చెప్పిన రేటే ఇచ్చింది, నేను ఆశ్చర్యపోయా. మీకు బేరం ఆడాలనిపిస్తే ఆడండి, వాళ్ళూ చెప్పడం ఎక్కువే చెప్తారు, కానీ చెయ్యడం చూశాక కొనండి. సైజు మాత్రం వేసుకునే చూసుకోండి, లక్క గాజు సాగదు, అమ్మకి ఎప్పుడూ రెండు ఆరే సరిపోతుంది, ఇక్కడ రెండు ఎనిమిది పట్టింది.

సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. డికాషన్ వేరే, చిక్కగా మరిగిన పాలు వేరే, కప్పులో కలుపుతారు. అమ్మ సగం తాగి "తియ్యగా ఉంది గానీ బాగుంది" అని రెండోది అడిగింది. చౌమహల్లా చూడలేదు, దర్బారు హాల్లో 19 షాండ్లియర్లు ఉంటాయి, అది ఒక పూట పెట్టుకుని చూడాల్సిన చోటు, హడావుడిగా చూపించడం ఇష్టంలేక వదిలేశా.

ఆదివారం సంగతి తొందరగా చెప్పేస్తా. పొద్దున్నే బిర్లా మందిర్, ఫోన్లు కౌంటర్లో ఇచ్చేయాలి, మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు కాబట్టి పెందలాడే వెళ్ళండి. తర్వాత అబిడ్స్, ఆదివారం కొట్లన్నీ మూసి ఉంటాయి గదా, ఆ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. నాన్నకోసం పాత వ్యవసాయం పుస్తకం ఒకటి దొరికింది. మధ్యాహ్నం బిర్యానీ, ముగ్గురికి ఒక ఫ్యామిలీ ప్యాక్ మిగిలిపోయింది. సాయంత్రం లుంబినీ పార్కులో పడవెక్కి హుస్సేన్‌సాగర్ మధ్యలో ఉన్న బుద్ధుడి విగ్రహం దగ్గరికి. 1990లో ఆ విగ్రహం తీసుకెళ్తూ నీళ్ళలో పడిపోయి మనుషులు కూడా పోయారు కదా, రెండేళ్ళు అడుగునే ఉండి 1992లో పైకొచ్చింది. అది పేపర్లో చదివిన రోజు అమ్మకి బాగా గుర్తుంది, పడవలో అంతా నీళ్ళనే చూస్తూ కూర్చుంది.

రాత్రి మళ్ళీ చర్లపల్లి. ఈసారి రెండు గంటలు ముందే క్యాబ్ బుక్ చేశా, డబ్బు గురించి ఆలోచించలేదు. మొన్న ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఎత్తారు, దాళ్వా నాట్లు అయిపోయాక నేనూ వస్తా, వాడు ఇంకా అలాగే ఉన్నాడో లేదో కళ్ళారా చూడాలి అన్నారు. ఫిబ్రవరిలో శనివారాలు ఎప్పుడెప్పుడొచ్చాయో చూసి రెండింటికి గుర్తు పెట్టుకున్నా.