నైస్‌గా పట్టాలా?

"నైస్‌గా పట్టాలా, బరకగానా అమ్మా?" పిండిమర అబ్బాయి అడిగాడు. పక్కన మా అమ్మాయి కిసుక్కున నవ్వింది. "పిండి నైస్‌గా ఉండటమేంటమ్మా, మనుషులు కదా ఉండేది!"

ఇంటికొచ్చి డిక్షనరీ తీశాను. అబ్బాయి మాటా తప్పు కాదు! మూలం లాటిన్ 'నెస్కియుస్', అంటే ఏమీ తెలియనివాడు. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషుకి చేరినప్పుడు నైస్ అంటే తెలివితక్కువ అనే! తర్వాత చాదస్తం, సుకుమారం, సన్నటి తేడా... ఈ 'సన్నటి' దగ్గరే మన పిండి ఉంది. 'మంచి' అనే అర్థం 18వ శతాబ్దంలో గానీ రాలేదు.

మరి "నైస్‌గా జారుకున్నాడు" అంటామే, అది ఏ నైసో!

డబ్బాలో పిండి ఇంకా వెచ్చగానే ఉంది. వేళ్ల మధ్య పౌడరులా జారుతోంది. జంతికలకి మరీ నైసైపోయిందేమో.