పెన్ డ్రైవ్‌లో చోటుంది, ఫైల్ మాత్రం పట్టదు

మొన్న ఒక డేటాబేస్ డంప్‌ని (డేటాబేస్ మొత్తాన్ని రాసి పెట్టిన ఫైల్) నెట్ లేని ఇంకో మెషీన్‌లోకి మార్చాల్సి వచ్చింది. ఫైల్ 11 జీబీ, పెన్ డ్రైవ్ 64 జీబీ, అదీ దాదాపు ఖాళీ. కాపీ పెట్టేసి వేరే పని చూసుకుందామనుకుంటే, ఫైల్ మరీ పెద్దది అంటూ మెసేజ్. ఖాళీ ఎంతుందో చూస్తే బోలెడు. పెన్ డ్రైవ్ పోయిందేమో అనుకుని ఇంకోటి వెతికి తెచ్చా, దానిదీ అదే పాట.

పెన్ డ్రైవ్‌కి ఏమీ కాలేదు, అందులో ఉన్నది ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లని అమర్చే పద్ధతి), అంతే. ఆ ఫైల్ సిస్టమ్ ప్రతి ఫైల్ సైజునీ 32 బిట్లలో రాసుకుంటుంది, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 4,294,967,295, అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. అంతకు మించిన ఫైల్ వస్తే దాని సైజు రాసుకోవడానికే గడి చాలదు, ఇక డిస్క్ ఎంత ఖాళీగా ఉంటే ఏం లాభం! ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌కి ఫార్మాట్ చేస్తే ఈ గొడవ ఉండదు, కాకపోతే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, అందులో నా పాత ఫైళ్లు కొన్ని ఉన్నాయి.

సరే ముక్కలు చేద్దామనుకున్నా. లినక్స్‌లో స్ప్లిట్ కమాండ్ ఉంది కదా, ఒక్కో జీబీ చొప్పున 11 ముక్కలు చేసింది. అది మామూలుగా ముక్కల పేర్ల చివర ఏఏ, ఏబీ, ఏసీ అని పెడుతుంది. చూడ్డానికి బాలేదని నేనే తెలివి చూపించి 1, 2, 3 అని పేర్లు మార్చా. అవతల మెషీన్‌లో స్టార్ గుర్తు (పేరు చివర ఏమున్నా సరే అని అర్థం) పెట్టి అన్నీ ఒకేసారి కలిపేసి రీస్టోర్ (డంప్‌ని తిరిగి డేటాబేస్‌లోకి ఎక్కించడం) మొదలుపెడితే, మొదటి జీబీ బుద్ధిగా వెళ్లి తర్వాత సింటాక్స్ ఎర్రర్. డంప్ పాడైందని గంటసేపు టెన్షన్ పడ్డాక అర్థమైంది, పేర్లని అంకెలుగా కాక అక్షరాలుగా పోలుస్తుంది కాబట్టి ఆ వరసలో 1 తర్వాత వచ్చేది 2 కాదు, 10! ఆ తర్వాత 11, అప్పుడు గానీ 2 రాదు. 01, 02 అని పెట్టి ఉంటే సరిపోయేది. లేదా కలిపిన వెంటనే ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) తీసి అసలు ఫైల్‌దానితో పోల్చి ఉంటే రీస్టోర్ జోలికి వెళ్లకముందే దొరికిపోయేది.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఏంటంటే, అసలు ముక్కలే అక్కర్లేదు. డంప్ అంటే ఉత్త టెక్స్ట్, అవే ఇన్సర్ట్ లైన్లు, అవే టేబుల్ పేర్లు లక్షల సార్లు. ఫైల్‌ని కుదించే జీజిప్ వాడి చూస్తే 2 జీబీ లోపుకి వచ్చేసింది. ఇప్పుడైతే డంప్ తీసేటప్పుడే పైపు పెట్టి (ఒక కమాండ్ ఇచ్చేదాన్ని ఇంకోదానికి అందించి) నేరుగా జీజిప్‌లోకి పంపుతున్నా, పెద్ద ఫైల్ డిస్క్ మీద పడే పనే లేదు. (డేటాబేస్‌లో జేపెగ్ ఫొటోలు దాచుకున్నవాళ్లు ఇంత తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు, అవి ముందే కంప్రెస్ అయి ఉంటాయి.)

అందుకే ఇప్పుడు ఎవరైనా ఫైల్ పట్టట్లేదు అంటే నేను ముందు అడిగేది, వద్దంటున్నది ఎవరు అని. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫైల్ అయితే ఆ ఫార్మాట్‌కే 2 జీబీ హద్దు, డిస్క్ మార్చినా లాభం లేదు, టేబుళ్లని వేరే ఫైల్‌లో పెట్టి లింక్ చేసుకోవాలి, లేదా ఇంకో డేటాబేస్‌కి మారిపోవాలి. బ్రౌజర్‌లోంచి పీహెచ్‌పీ మై అడ్మిన్ అనే వెబ్ టూల్‌లో డంప్ ఎక్కిస్తుంటే అడ్డు పడేది ఆ టూల్‌ని నడిపించే పీహెచ్‌పీ: అప్‌లోడ్‌కి దాని డిఫాల్ట్ 2 ఎంబీ, మొత్తం పోస్ట్‌కి 8 ఎంబీ. ఆ సెట్టింగులు పెంచుకుంటూ కూర్చునే కంటే కమాండ్ లైన్‌లో ఎక్కించేయడం నయం. అక్కడ కూడా ఒకే లైన్ మరీ పొడుగైతే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఒక్కసారికి తీసుకునే ప్యాకెట్ సైజు హద్దు తగులుతుంది, కానీ దాన్ని పెంచడం ఒక్క సెట్టింగ్ పని.

చాలామంది బోల్తా పడేది పాత డేటా డిలీట్ చేసి ఫైల్ తగ్గుతుందని చూడటంలో. తగ్గదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ఒకసారి సగం రికార్డులు తీసేశా, ఫైల్ ఒక్క బైటు కూడా తగ్గలేదు. ఖాళీ అయిన పేజీలని (ఫైల్‌లోని గడులని) అది తర్వాత వాడుకోవడానికి అట్టే పెట్టుకుంటుంది. వ్యాక్యూమ్ అనే కమాండ్ కొడితే తగ్గుతుంది గానీ, అది డేటా అంతటినీ కొత్తగా రాస్తుంది కాబట్టి అసలు ఫైల్‌కి రెండింతల దాకా ఖాళీ అడగొచ్చు. అంటే డిస్క్ నిండిపోయి చోటు కోసం వ్యాక్యూమ్ కొట్టేవాడికి, వ్యాక్యూమ్‌కే చోటుండదు. నిండకముందే కొట్టుకోవాలి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తయారుచేసినవాళ్లు మాత్రం ఇదంతా ఎప్పుడో ఊహించినట్టున్నారు. టేబుల్ 1 జీబీ దాటితే పోస్ట్‌గ్రెస్ తనే ముక్కలు చేసుకుని ఫైల్ పేరు చివర .1, .2 అని తగిలిస్తూ పోతుంది, పెద్ద ఫైళ్లు పట్టని సిస్టమ్‌లలో ఇబ్బంది రాకుండా. నాలాగే సున్నాల్లేకుండా అంకెలు, కానీ స్టార్ గుర్తుని నమ్ముకుని కలపదు కదా.

పెన్ డ్రైవ్ ఇంకా ఫ్యాట్32లోనే ఉంది. పాత ఫైళ్లు పక్కకి తీసే తీరిక దొరకలేదు.