కరివేపాకు చెట్టుతో మొదలైన మూడో తరగతి

జూన్ నెలంతా మూడో తరగతి పిల్లల చేత పరిసరాల విజ్ఞానం పుస్తకం తెరిపించను. పుస్తకాలు సమయానికి వచ్చినా సంచుల్లోనే ఉండనిస్తాను. మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. బడులు తెరిచేది మామూలుగా జూన్ 12న. ఆ రోజు వచ్చేది సగం మందే. ఒకడు అమ్మమ్మ ఊరి నుంచి ఇంకా రాలేదు, ఒకరింట్లో పెళ్లి, ఇంకొకరు పత్తి గింజలు పెట్టే చేలో తల్లి వెంట ఉంటారు. పాఠం మొదలుపెడితే ఆలస్యంగా వచ్చినవాడు తొలిరోజే వెనకబడతాడు. చెట్టును చూడటంలో ఆ బాధ లేదు. ఎప్పుడొచ్చినా చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. పైగా ముందు వచ్చినవాళ్లకు, తాము చూసింది చెప్పుకోవడానికి ఒక కొత్త మనిషి దొరుకుతాడు.

బడి తెరవడానికి ముందే ఆవరణ అంతా ఒకసారి తిరిగి చూస్తాను. విసుగు పుట్టించే పని, కానీ తప్పదు. వేసవిలో మనుషుల అలికిడి లేని చోట పాములు, తేళ్లు చేరతాయి కాబట్టి రాళ్ల కుప్ప, విరిగిన బెంచీలు పడేసిన మూల వైపు పిల్లలను పోనివ్వను. వయ్యారిభామ వల్ల కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి. దాన్ని పూత రాకముందే పెద్దవాళ్ల చేత, చేతులకు తొడుగులు వేయించి పీకిస్తాం. జిల్లేడును మాత్రం ఉంచుతాను, దాని మీద సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. పాలు కంట్లో పడితే ప్రమాదమని ముందే చెప్పి, ఆకు తుంచవద్దంటాను. ఇక సరంజామా అంటే తలా ఒక గీతల్లేని నోటుపుస్తకం, పెన్సిలు, తరగతి మొత్తానికి రెండు భూతద్దాలు, వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు. అంతకు మించి ఏమీ కొనను.

మొదట తరగతి గదిలోనే కూర్చోబెట్టి వేపచెట్టు గీయమంటాను. అందరూ ఒకే చెట్టు గీస్తారు. నిటారు కాండం, పైన గుండ్రటి ఆకుపచ్చ ముద్ద, అందులో ఎర్రటి పండ్లు. అది అక్షరమాల చార్టులోని చెట్టు. మర్నాడు అదే పిల్లలను నిజమైన వేపచెట్టు కిందికి తీసుకెళ్లి, తలా ఒక రెమ్మ ఇచ్చి, చేతిలో ఉన్నది మాత్రమే గీయమంటాను. ఆకుల అంచున రంపపు పళ్లు ఉన్నాయని దాదాపు అందరూ పట్టుకుంటారు. ఈసారి ఒక అమ్మాయి ఇంకాస్త ముందుకు పోయింది. "టీచర్, మధ్యకు మడిస్తే రెండు సగాలు కలవడం లేదు" అంది. నిజమే. వేప రెమ్మకుండే ఒక్కో చిన్న ఆకూ నడిమి ఈనెకు అటొక వెడల్పు, ఇటొక వెడల్పు ఉంటుంది. ఆకు కాడకు కలిసే చోట ఆ తేడా మరీ బాగా తెలుస్తుంది. ఇక అందరూ మడవడం మొదలుపెట్టారు. కానుగాకు మడిచారు, జామాకు మడిచారు. ఆ గంటలో నేను చెప్పింది దాదాపు ఏమీ లేదు.

ఇందులో నాకొక పట్టుదల ఉంది. పేర్లు చివరిలో చెబుతాను. పేరు చెప్పగానే పిల్లలు దాన్ని రాసుకుని, పని అయిపోయిందన్నట్టు తలెత్తి చూస్తారు.

జూన్‌లో మా ఊళ్లో తేదీల కంటే కార్తెల మాటే ఎక్కువ వినిపిస్తుంది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి సుమారు 13, 14 రోజులు. బడి తెరిచే నాటికి మృగశిర నడుస్తుంటుంది. ఆ కార్తె వచ్చిన రోజు ఇంట్లో చేపల కూర తిన్నామని సగం తరగతి చెబుతుంది. ఇంటికెళ్లి తాతలనో నానమ్మలనో కార్తెల గురించి అడిగి రమ్మంటాను. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి", "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" లాంటివి మర్నాడు పిల్లల నోట వస్తాయి. గోడ మీద పొడవాటి కాగితం అతికించి, ఒక్కో కార్తె కింద ఆ రోజుల్లో మేము చూసింది రాస్తాం. పక్కనే వాన లెక్క. నిటారు గోడలున్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెడితే వానమాపకం తయారవుతుంది. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ముందు గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీయాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. ఇది చెబితే పిల్లలు నమ్మరు, కొలిచి చూపించాల్సిందే.

మంచి వాన పడిన మర్నాడు ఆరుద్ర పురుగులు ప్రహరీ పక్కన మెత్తటి నేల మీదికి వస్తాయి. అగ్గిపెట్టెలో దాచుకోవడం పిల్లలకు అలవాటు. డబ్బా మూతలో పెట్టి చూడటం, కాళ్లు లెక్కపెట్టడం, దొరికిన చోటే వదిలేయడం, ఇదీ మా తరగతి నియమం. చీమకు ఆరు కాళ్లు, దీనికి ఎనిమిది. సాలీడును తెచ్చి పక్కన పెట్టి లెక్కించాకే అవి రెండూ దగ్గరి చుట్టాలని ఒప్పుకున్నారు.

అసలు కథంతా వంటగది వెనక ఉన్న కరివేపాకు చెట్టు దగ్గర జరిగింది. మధ్యాహ్న భోజనం వండే అక్క పురుగు పట్టిందని కొమ్మలు కొట్టేయబోతుంటే, రెండు కొమ్మలు మా తరగతికి వదిలేయమని అడిగాను. "పప్పులోకి ఆకు తక్కువైతే నన్ను అడగొద్దు టీచరమ్మా" అని నవ్వి వదిలేసింది. ఆకు మీద నల్లగా, మధ్యలో తెల్లటి మచ్చతో ఉన్నది పిట్ట రెట్ట అని పిల్లలు తేల్చేశారు. అంతలో రెట్ట నడిచింది. ఆ గొంగళిపురుగును డబ్బాలో పెట్టి, పైన పలుచటి గుడ్డ కట్టి, రోజూ లేత ఆకు వేశాం. కొన్నాళ్లకు చర్మం విడిచి పచ్చగా మారింది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు పాయల నారింజ రంగు కొమ్ము బయటికి వచ్చి, ఘాటైన వాసన కొట్టింది. "టీచర్, నాలుక చూపిస్తోంది!" అని ఒకటే గోల. డబ్బాలోని పెంటికలు ఎవరు శుభ్రం చేయాలనే దాని మీద జరిగినంత చర్చ మా బడిలో మరే విషయం మీదా జరగలేదు.

తర్వాత అది తినడం మానేసి పుల్లకు అతుక్కుంది, నడుముకు ఒక సన్నటి పట్టుదారం చుట్టుకుని. గీత కార్మికుడు తాటిచెట్టుకు వేసుకునే మోకులా ఉందని ఒక పిల్లవాడు నోటులో రాశాడు. వాళ్ల నాన్నది అదే పని. అంతవరకు ఒక్క వాక్యం రాయడానికి కూడా మొరాయించిన పిల్లవాడు.

ఈ మధ్యలోనే ఒక తండ్రి వచ్చి, "పిల్లలను చెట్ల చుట్టూ తిప్పుతున్నారట, ఇంగ్లీషు ఎప్పుడు చెబుతారు?" అని నిలదీశారు. ఆయన కోపం న్యాయమైనదే. ప్రైవేటు బడి మానిపించి ఇక్కడ చేర్చిన మనిషి. కొడుకు నోటుపుస్తకం చేతికిచ్చి చదవమన్నాను. తేదీ, మబ్బు, వాన మిల్లీమీటర్లు, బొమ్మ, కింద నాలుగు వాక్యాలు. పూర్తిగా ఒప్పుకోలేదు కానీ, ఆ నోటు ఇంటికి తీసుకెళ్లవచ్చా అని అడిగారు.

గొంగళిపురుగు అలా అతుక్కుని, పైన తొడుగుతో ఉండే దశే ప్యూపా. మా డబ్బాలో అలాంటివి రెండు. ఒకదాని నుంచి నలుపు, లేత పసుపు రంగుల సీతాకోకచిలుక వచ్చింది. రెక్కలు ఆరేదాకా ఎవరూ పాఠం విననన్నారు, నేనూ చెప్పలేదు. రెండోది మాత్రం రోజురోజుకూ నల్లబడి, ఒక ఉదయం దానికి సూదిమొన అంత రంధ్రం పడింది. డబ్బా నిండా చిన్నచిన్న కందిరీగల్లాంటి పురుగులు. వాటి తల్లి ప్యూపాలో గుడ్లు పెడితే, పిల్లలు దాన్ని లోపలి నుంచి తిని పెరుగుతాయని చెప్పాను. ఒకరిద్దరు ఏడ్చారు. "వాటికీ ఆకలేస్తుంది కదా" అని ఒకడు, "అయితే మన దానిలోనే పెట్టాలా?" అని ఇంకొకరు. తీర్పు చెప్పమని నా వైపు చూశారు. నేను చెప్పలేదు.

మా గోడకు సీతాకోకచిలుక జీవితచక్రం చార్టు ఉంది. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక, నాలుగు బొమ్మలు, నాలుగు బాణాలు. జూలైలో ఆ పాఠానికి వచ్చినప్పుడు అది తప్పు చార్టని పిల్లలు అన్నారు. ప్యూపా నుంచి ఇంకో బాణం గీసి, చివర చిన్న కందిరీగలను వేసి కాగితం అతికించారు. తనిఖీకి వచ్చినవాళ్లు ఇదేమిటని అడిగితే ఎలా అన్నారు మా ప్రధానోపాధ్యాయులు. పిల్లలను అడగమనండి అన్నాను.