కుడికాలి తీగ

గుండె కరెంటు ఒంటి మీదికొచ్చేసరికి ఒక్క మిల్లీవోల్టు, అంతే. గోడలో పారేదేమో 230 వోల్టులు. సెకనుకు 50 సార్లు ఊగే (50 హెర్ట్జ్) ఆ గోడ కరెంటు రొద, గుండె కరెంటును గీతగా గీసే ఈసీజీలో దూరితే గీత రంపప్పళ్లలా వణుకుతుంది. కుడికాలికి తగిలించే తీగ ఆ రొదను అణచడానికే. మిగిలినదాన్ని ఫిల్టర్‌తో తీసెయ్యాలి, గుండె సంగతి చెరగకుండా. నా ఇరవై ఏళ్ల పరిశోధన అదే.

1948లో మద్రాసు నుంచి అనంతపురం తరలొచ్చిన ఇంజనీరింగ్ కాలేజీలో చదివినోణ్ణి. తర్వాత వేరేచోట ప్రిన్సిపాల్‌నయ్యా. పగలంతా ఫైళ్లు, మీటింగులు. సాయంత్రం ఆరు దాటాక ల్యాబ్ తాళం నేనే తీసేవాణ్ణి. మొదటి మంచి గీత మా అటెండర్ గుండెది. చల్లటి జెల్లీకి ఉలిక్కిపడి, "బాగుందా సార్ నా గుండె?" అన్నాడు. ఆ కాగితం ఇంకా నా బీరువాలో ఉంది.